గడ్డి మాడితే సాలీడు ఎక్కడికి పోవాలి?

మామిడి తోటలో నేల ఊడ్చిన వాకిలిలా కనిపిస్తే చాలామంది మెచ్చుకుంటారు. నాకు దిగులేస్తుంది. నేను నూజివీడు రసాల మధ్య పెరిగినదాన్ని. పెళ్లయ్యాక ఘజియాబాద్ వచ్చాను. ఇక్కడికి దగ్గర్లోనే, బాగ్‌పత్ జిల్లాలో రటౌల్ ఉంది. ఆ ఊరి పేరుతోనే పిలిచే మామిడికి 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కాయ చిన్నదే, వాసన మాత్రం ఇల్లంతా నిండుతుంది.

ఏ తోటలోనైనా నేను ముందు వెతికేది సాలీళ్లనే. తోడేలు సాలీడు గూడు అల్లదు, నేల మీద పరుగెత్తి పురుగుల్ని పట్టుకుంటుంది. తల్లి గుడ్లసంచిని వెనక తగిలించుకుని తిరుగుతుంది, పిల్లలు పుట్టాక వీపున మోస్తుంది. ఆకుల మీద గెంతే సాలీళ్లు వేరు, కొమ్మల మధ్య వల కట్టేవి వేరు. పూతలో రసం పీల్చే తేనెమంచు పురుగు వీటికి ఆహారం. ఆ పురుగు విసర్జించే జిగురు మీదే మసి తెగులు పడుతుంది, పూత రాలిపోతుంది.

పూత ఏడాదంతా ఉండదు కదా! మిగతా నెలల్లో సాలీళ్లకు తిండీ నీడా ఇచ్చేది చెట్ల కింది గడ్డి. కలుపుమందు కొడితే ఆ గడ్డి మాడిపోతుంది, అందులోని చిన్న పురుగులూ పోతాయి. మందు తగిలి సాలీడు చావకపోయినా, బతకడానికి చోటు మిగలదు. ఇంగ్లండులో పొలం గట్ల మీద గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొట్టి చూసిన పరిశోధకులు సాలీళ్లు తగ్గడానికి గడ్డి పోవడమే ముఖ్య కారణమన్నారు.

గ్లైఫోసేట్ అడ్డుకునే ఎంజైము మొక్కల్లో ఉంటుంది, జంతువుల్లో ఉండదు. అందుకే పురుగులకు హాని లేదని అమ్మేవాళ్లు చెబుతారు. ఆ మాటతో నేను తృప్తి పడలేను. 2010లో అర్జెంటీనా శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో వల అల్లే ఒక సాలీడు మీద దీన్ని పరీక్షించారు. సాలీళ్లు చావలేదు. కానీ తక్కువ తిన్నాయి, వల సరిగ్గా అల్లలేదు, గుడ్లు తగ్గాయి. చావుల్నే లెక్కపెట్టే పరీక్షకు ఇది అందదు.

2018లో తెలంగాణ ప్రభుత్వం గ్లైఫోసేట్ వాడకంపై ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం, దాన్ని తెగుళ్ల నియంత్రణ ఆపరేటర్ల ద్వారానే కొట్టించాలని ఉత్తర్వు ఇచ్చింది. మనుషుల, పశువుల ఆరోగ్యం కోసం తెచ్చిన నియమమది. సాలీళ్ల ఊసు అందులో లేదు.

గడ్డిని అడవిలా వదిలేయమని నేను అనడం లేదు. మామిడిని పట్టే పిండినల్లి పురుగు గుడ్లు చెట్టు మొదట్లో మట్టిలోనే ఉంటాయి. పిల్లలు చలికాలంలో కాండం ఎక్కుతాయి. కాబట్టి పాదులో కలుపు తీసి మట్టి తిరగేయాలి, డిసెంబరులో కాండానికి ప్లాస్టిక్ పట్టీ చుట్టాలి. వరసల మధ్య గడ్డికి మాత్రం మందెందుకు? కోస్తే చాలు. అదీ వరస విడిచి వరస కోయండి, సాలీళ్లు పక్క వరసలోకి తప్పుకుంటాయి. రటౌల్ చుట్టుపక్కల రైతులైనా, నూజివీడు రైతులైనా, ఈ వానాకాలం ఒక్క మూలన కలుపుమందు ఆపి చూడండి. పూత వచ్చాక ఆ మూలన, మందు కొట్టిన చోట, రెండుచోట్లా ఒకేలా కొమ్మలు దులిపి తేనెమంచు పురుగుల్నీ సాలీళ్లనీ లెక్కపెట్టండి.