నింద సాలీడుది, కాటు మరొకరిది

వానాకాలం రాత్రి హాయిగా పడుకుంటాం. తెల్లారి లేచేసరికి మెడ మీదో, మోచేతి మడతలోనో గీత గీసినట్టు ఎర్రటి మంట, దాని వెంబడి చిన్న చిన్న నీటి పొక్కులు. ఇంట్లో పెద్దవాళ్లు ఒకటే మాట తేల్చేస్తారు: సాలెపురుగు పాకింది. పాకుతుండగా చూసినవాళ్లు ఎవరూ ఉండరు. గోడ మీద రోజూ కనిపించేది అదే కాబట్టి నేరం దాని నెత్తిన పడుతుంది.

ఆ గీత చాలాసార్లు పీడెరస్ అనే పురుగు పని. చీమకంటే కాస్త పొడుగ్గా, నారింజ, నలుపు పట్టీలతో ఉంటుంది. ట్యూబ్‌లైటు వెలుగుకు వస్తుంది. కుట్టదు, కరవదు. ఒంటిమీద వాలినప్పుడు మనం చేత్తో చరిచి నలిపితే దాని ఒంట్లోని రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఊదితే పోయేదాన్ని చరిచి తెచ్చుకునే మంట అది. నడుముకో, ఛాతీకో ఒక పక్కనే పట్టీలా పొక్కులు లేచి సలుపుతుంటే సర్పి అయి ఉండొచ్చు. ఎప్పుడో వచ్చిపోయిన ఆటలమ్మ వైరస్ ఒంట్లో దాగి ఉండి మళ్లీ లేవడమే సర్పి. దానికి 72 గంటల్లోపు మందు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. సాలీడే అనుకుని పసర్లు రాస్తూ కూర్చుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

ఇంతకంటే భయపడాల్సింది నల్లమచ్చకు. సిగరెట్‌తో కాల్చినట్టు చెక్కుకట్టిన ఒకే ఒక మచ్చ, తోడుగా తగ్గని జ్వరం, తలనొప్పి, ఒళ్లునొప్పులు. చంకలోనో గజ్జల్లోనో ఉంటే మచ్చ కంటికి కూడా ఆనదు. ఇది స్క్రబ్ టైఫస్ కావొచ్చు. పొదల్లో, గడ్డిలో ఉండే చిగ్గర్ అనే కంటికి ఆనీ ఆనని పురుగు కుడితే వస్తుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్న జబ్బే. మొదట్లోనే గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే మామూలు మందుకు లొంగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీల దాకా వెళ్లి ప్రాణం తీయగలదు. అలాంటి మచ్చను సాలీడు ఖాతాలో రాసి వారం రోజులు ఇంట్లో గడిపేస్తే నష్టం సాలీడుకు కాదు.

మరి మన గోడల మీద ఉన్నవి విషం లేనివా? సాలీళ్లలో దాదాపు అన్నింటికీ విషం ఉంటుంది. ఆ విషం ఈగకూ బొద్దింకకూ సరిపడేది. మూలల్లో బూజు కట్టే సన్నకాళ్ల సాలీడు ముట్టుకోగానే గజగజ ఊగుతుంది, అంతకుమించి ఏమీ చేయదు. కిటికీ మీద గెంతుతూ మనవైపు తిరిగి చూసేది ఈగల్ని పడుతుంది. బాత్రూం గోడ మీద అరచేయంత పరుచుకుని గుండె ఆగేలా చేసేది బొద్దింకల వేటగాడు. ఒక్కోసారి పొట్ట కింద తెల్లటి బిళ్ల మోస్తుంటుంది, అది గుడ్ల సంచి. చేత్తో నొక్కిపట్టుకుంటే కరుస్తుంది, కాసేపు నొప్పి పుడుతుంది. దాన్ని చీపురుతో వెంటాడే ఇళ్లలోనే బొద్దింకల మందుకు డబ్బు తగలేస్తుంటారు!

మన నేలకు అసలైన గొప్ప సాలీడు వేరే ఉంది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త అనంతపురం ప్రాంతంలోని గుత్తి నుంచి దొరికిన నమూనాతో లోకానికి పరిచయం చేసిన నీలిరంగు సాలీడు అది. నల్లమల వైపు, నంద్యాల గిద్దలూరు మధ్య అడవిలో చెట్ల తొర్రల్లో బతుకుతోంది. కరిస్తే నొప్పి గట్టిగానే ఉంటుంది. కానీ అది మన ఇళ్ల జోలికి రాదు. మనమే దాని అడవిని నరికి అంతరించే అంచుకు నెట్టాం.

పిల్లలు సిడ్నీలోనో డాలస్‌లోనో ఉంటే మాత్రం లెక్క మారుతుంది. సిడ్నీ చుట్టుపక్కల ఉండే ఫనెల్‌వెబ్ నల్లగా నిగనిగలాడుతుంది. ఎండాకాలంలో దాని మగవి ఆడదాన్ని వెతుక్కుంటూ తిరుగుతూ బూట్లలో, నేలమీద వదిలేసిన బట్టల్లో దూరుతాయి. విషం మగదానికే ఎక్కువ. 1981లో విరుగుడు వచ్చాక దాని కాటుకు ఒక్క మరణమూ లేదు, అంతకుముందు 13 నమోదయ్యాయి. ఇది కరిస్తే చెయ్యి లేదా కాలు మొత్తానికీ గట్టిగా బ్యాండేజీ చుట్టి, కదలకుండా ఉంచి, 000కు ఫోన్ చేయాలి. అక్కడే ఉండే ఎర్రవీపు సాలీడు రెడ్‌బ్యాక్ కరిస్తే కట్టు వద్దు, ఐసు చాలు, నొప్పి పెరిగితే ఆస్పత్రి. నల్లటి గుండ్రటి పొట్ట మీద ఎర్ర చారతో ఉండే దీని దాయాదులు మన దేశంలోనూ అక్కడక్కడా కనిపించాయి.

డాలస్ ఉన్న టెక్సాస్‌లో రెడ్‌బ్యాక్ చుట్టమే బ్లాక్ విడో, పొట్ట అడుగున ఎర్రటి డమరుకం గుర్తు. కరిస్తే కండరాలు పట్టేస్తాయి, కడుపునొప్పి, చెమటలు. అట్టపెట్టెల వెనక దాగే బ్రౌన్ రెక్లూజ్‌కు వీపు మీద వయొలిన్ లాంటి గుర్తు, ఎనిమిదికి బదులు ఆరే కళ్లు. దాని కాటుకు కొందరికి చర్మం కుళ్లుతుంది. అయితే నింద అక్కడా తక్కువేం లేదు. స్టాఫ్ బ్యాక్టీరియా పుండ్లను రెక్లూజ్ కాటుగా పొరబడిన కేసులు ఎన్నో ఉన్నాయి. కాన్సస్‌లోని లెనెక్సాలో ఒకే ఇంట్లో ఆరు నెలల్లో 2,055 రెక్లూజ్‌లు పట్టారు. ఆ ఇంట్లో ఉన్న నలుగురిలో ఒక్కర్నీ కరవలేదని రిక్ వెటర్ అనే పరిశోధకుడు 2002లో నమోదు చేశారు. నాకు తెలిసి సాలీళ్ల తరఫున ఇంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

సాలీడును బయటికి పంపడానికి గాజు గ్లాసు బోర్లించి, కింద నుంచి అట్ట తోస్తే సరిపోతుంది. బూజుకర్రతో గూడు, గుడ్ల సంచి తీసేయండి. మంచానికీ గోడకూ మధ్య జానెడు ఎడం ఉంచండి. మూలన పడేసిన బూట్లు దులపకుండా వేసుకోకండి. కట్టెలు, పాత పెంకులు తీసేటప్పుడు చేతికి గ్లౌజు ఉండాలి.

నిజంగానే కరిస్తే మన దగ్గర సబ్బునీళ్లతో కడిగి చల్లటి గుడ్డ పెట్టండి. కోయడం, నోటితో పీల్చడం, తాడు కట్టడం వద్దు. ఊపిరాడకపోయినా, వాంతులైనా, కండరాలు బిగుసుకున్నా 108కి ఫోన్ చేయండి. వీలైతే కరిచినదాన్ని ఫొటో తీయండి. కళ్లతో చూడకపోతే మాత్రం డాక్టరు దగ్గర సాలీడు పేరెత్తకండి. మచ్చ ఎప్పుడు కనిపించింది, జ్వరం ఎన్నాళ్లుగా ఉంది, ఈ రెండు వారాల్లో పొలానికో పొదల వైపో వెళ్లారా అన్నది చెప్పండి.