దొడ్డిలో కృత్రిమ పచ్చిక



పెంపుడు కుక్కలు తిరుగుటకై పెరటి నేలపై తివాచీవలె పరచు కృత్రిమ పచ్చికను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. పట్టణములలో దీనిని చూచివచ్చిన బిడ్డలు "మన దొడ్డిలోను వేయింతము" అన్నపుడు, ఔననుటకైనను కాదనుటకైనను ఇంటి పెద్దలకు కారణము తెలిసియుండవలెను గదా!

దీని పుట్టుక అమెరికాదేశమున. 1964లో ప్రావిడెన్సు నగరమందలి మోజెస్ బ్రౌన్ పాఠశాలలో దీనిని పరచిరి. 1965లో హ్యూస్టను నగరమున ఆస్ట్రోడోమ్ అను పైకప్పుగల క్రీడామందిరము వెలసినది. కప్పులోని పలకలగుండ వచ్చు వెలుగు ఆటగాండ్ర కన్నులకు మిరుమిట్లు గొలుపుటచే వానికి రంగు పూసిరి. అంతట ఎండ చాలక లోపలి పచ్చిక చచ్చెను. 1966లో అచట మాన్శాంటో సంస్థవారి కృత్రిమ పచ్చికను పరచిరి. నాటినుండి దానికి ఆస్ట్రోటర్ఫ్ అను పేరు రూఢియైనది. అనగా ఎండ చాలనిచోట పేరుకెక్కిన వస్తువిది. మనకో, ఎండకు కొరతలేదు.

నాడు నైలాను పోగులతో నేసిరి. నేడు ఎక్కువగా పాలిథీను, పాలీప్రొపిలీను పోగులను వాడుచున్నారు. పోగులను కుట్టిన అడుగు పట్టలో నీరు దిగుటకు రంధ్రములుండును. అయితే ఆ దిగిన నీరెచటికి పోవలెను? మన డెల్టాలో అసలు ప్రశ్న ఇదియే.

గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టి పంటకు బంగారమే గాని, అందు బంక పాలు హెచ్చుగానున్నచోట నీరు త్వరగా ఇంకదు. కోనసీమ పల్లపు తావులలో వానకాలమున కొద్దిగా త్రవ్వగనే నీరు కానవచ్చును. కావున ఇచట నేలను లోతుగా త్రవ్వి పరచుటకంటె, కొంత మెరక చేసి పరచుట మేలు. ముందుగా గడ్డిని వేళ్లతో తీసి, ఇంటి గోడనుండి బయటికి నూరడుగులకు ఒక అడుగైనను వాలునట్లు నేలను సరిచేయవలెను. దానిపై నీటిని విడిచి మట్టిని ఆపు గుడ్డను పరచి, మూడు నాలుగు అంగుళముల కంకరయు, ఆపై పలుచగా రాతిపొడియు వేసి దిమ్మిసతో కొట్టవలెను. అంచున చిన్న కాలువ తీసి మురుగును నూతికి దూరముగా పంపవలెను. తరువాతనే పచ్చిక చుట్టలను, పోగులన్నియు ఒకే దిక్కునకు వాలునట్లు పరచి, అతుకులను అంటించి, అంచులను మేకులతో బిగింపవలెను. పని యంతయు అడుగుననే యున్నది. పైన కనబడునది అలంకారము మాత్రమే.

ఇక వాసన సంగతి. కుక్క మూత్రములోని యూరియాను సూక్ష్మజీవులు అమోనియాగా మార్చును. సజీవమైన నేలలో మట్టియు వేళ్లును దానిలో కొంత గ్రహించును. కృత్రిమ పచ్చికకు ఆ శక్తి లేదు. కావున మలమును వెంటనే తీసివేసి, మూత్రము పడినచోట నీరు పోసి కడుగుచుండవలెను. పోగుల నడుమ జియోలైటు అను ఖనిజపు పలుకులు చల్లినచో అవి అమోనియాను కొంత పట్టియుంచును గాని కడుగుట తప్పదు.

అంతకంటె ముఖ్యమైనది వేడి. నిజమైన పచ్చిక ఆకులగుండ తేమను విడుచుచు తన్ను తాను చల్లబరచుకొనును. కృత్రిమ పచ్చిక అట్లు చేయలేదు. మండుటెండలో దాని ఉపరితలము 60 డిగ్రీల సెంటిగ్రేడును మించిన సందర్భములు కలవు. మన రాజమహేంద్రవరపు వైశాఖ జ్యేష్ఠముల ఎండలో మూగజీవి పాదములు కాలకుండునా? అరచేతి వెనుకవైపును ఏడు క్షణములు దానిపై ఆనించి చూడుడు. మీకు ఓర్వరానిచో కుక్కకును ఓర్వరానిదే. నీడలేని చోట దీనిని వేయరాదు.

ఆవులు, గేదెలు, దూడలు మసలు దొడ్డిలో దీనిని బొత్తిగా పరపరాదని నా దృఢాభిప్రాయము. పచ్చగానున్నదానిని నోట కరచుట పశువు స్వభావము. ప్లాస్టిక్కు పోగులు జీర్ణము కావు. నెమరువేయు జంతువు మొదటి పొట్టలో చేరి పేరుకొని ప్రాణమునకే ముప్పు తెచ్చును. కొరుకు అలవాటుగల కుక్కపిల్లల విషయమునను ఈ జాగ్రత్త అవసరము.

ఎంత మేలైనదైనను కొన్ని ఏండ్లకు పోగులు అరిగి రాలును. పాతదానిని కాల్చిన విషపు పొగ; కాలువలో పారవేసిన నీటికి అడ్డు. 1852 నాటికి ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై, దాని కాలువలవలన మన సీమ పచ్చబడినది. ఆ కాలువలను ఉత్తుత్తి పచ్చదనముతో పూడ్చుట తగునా?

గరిక మన నేలపై అడుగకయే మొలచును. తీర్చిన పచ్చికయే కావలెనన్నచో కడియము, కడియపులంక నర్సరీలు మనకు దవ్వు కావు. నీడ మిక్కుటమై గడ్డి బ్రతుకని చిన్న తావు, పశువులు రాని ప్రహరీ, ప్రతిదినము కడుగు ఓపిక, మురుగు పోవు దారి—ఈ నాలుగును కుదిరినచోట కృత్రిమ పచ్చికను పరచుకొనవచ్చును. వానిలో ఒక్కటి లోపించినను గరికయే మేలని మనవి చేయుచు విరమించుచున్నాను.