మృగరాజెవ్వరు? సింహమా, శార్దూలమా?

"సింహమునకును పులికిని పోరు సంభవించినచో గెలుపు దేనిది?" బడిపిల్లలు వేయు ప్రశ్నలలో ఇది మిక్కిలి పాతది. పిల్లల ప్రశ్నయని దీనిని త్రోసిపుచ్చుటకు వీలులేదు. రోము చక్రవర్తులు దీనికి సమాధానమును క్రీడారంగమున రక్తము చిందించి వెదకిరి. సర్కసువారు బోనులలో వెదకిరి. 21వ శతాబ్దమున మన దేశపు అత్యున్నత న్యాయస్థానమున జరిగిన ఒక వ్యాజ్యములో సైతము ఈ ప్రశ్న మరియొక రూపమున తలయెత్తినది. కావున దీనిని కొంత శ్రద్ధతో విచారించుట ఉచితము.

కవుల తీర్పు

సాహిత్యమున పట్టాభిషేకము సింహమునకే జరిగినది. మృగేంద్రుడు, మృగరాజు అను బిరుదములు దానివే. హితోపదేశ కథలలో మదోత్కటమను సింహము రాజు. కాకియు, పులియు, నక్కయు దాని సేవకులు. రాజు కూర్చుండు పీఠము సింహాసనము. కోట ముఖద్వారము సింహద్వారము. వీరుని గర్జనము సింహనాదము. పులి పేరను ఆసనము లేకపోలేదు. కాని ఆ వ్యాఘ్రాసనము రాజునకు గాక తపస్వికి చెందినది. అదియును చచ్చిన పులి చర్మము.

అయినను నిఘంటుకారుడు పక్షపాతము చూపలేదు. సమాసము చివర చేరి 'శ్రేష్ఠుడు' అను అర్థము నిచ్చు శబ్దములను చెప్పునపుడు అమరసింహుడు వ్యాఘ్ర, సింహ, శార్దూల శబ్దములను ఒకే వరుసలో నిలిపెను. పురుషసింహుడన్నను, పురుషవ్యాఘ్రుడన్నను, నరశార్దూలుడన్నను గౌరవము సమానమే. తన పేరులోనే సింహమును మోయుచున్న పండితుడు ఈ న్యాయము చేయుట గమనింపదగినది.

తెలుగువాడు కావ్యము వ్రాయునపుడు సింహమును తలచినను, సామెత చెప్పవలసి వచ్చినపుడు పులినే పిలిచినాడు. పులిని చూచి నక్క వాత పెట్టుకొన్న సంగతి ఎరుగని పల్లె లేదు. దీనికి కారణము సుగమము. మన దేశమున సింహములు తిరుగాడిన భూములు నర్మదానదికి ఉత్తరముననే ఉన్నవి. తెలుగునాట అడవులలో ఉన్నది పులియే. నల్లమల కొండలలోని అహోబిలమున నరసింహస్వామి తొమ్మిది రూపములతో పూజలందుకొనుచున్నాడు. ఆ కొండలలో రాత్రివేళ నడయాడునది మాత్రము పులి. నాగార్జునసాగర్-శ్రీశైలము పులుల అభయారణ్యము ఆ నల్లమలలోనిదే. సింహము తెలుగువారికి పురాణమునుండియు శిల్పమునుండియు వచ్చినది. పులి ఊరి పొలిమేరనుండి వచ్చినది.

త్రాసు తీర్పు

కవులను విడిచి త్రాసును అడిగినచో అది వేరొక మాట చెప్పును. గుజరాతులోని గిర్ అడవియందున్న ఆసియా సింహములలో మగది సాధారణముగా 160 నుండి 190 కిలోలు తూగును. ఆఫ్రికా సింహము దానికంటె కొంత పెద్దది. భారతదేశపు మగపులి 180 మొదలు 260 కిలోల వరకు తూగును. భుజము ఎత్తులో సింహము కొంచెము మిన్నగా కనిపించినను, దేహము పొడవులోను, కండల బరువులోను పులిదే పైచేయి. మన దేశమున పుట్టిన ఈ రెండు మృగములనే పోల్చినచో బలాబలములలో పులి వైపు మొగ్గు కలదనుట సత్యము.

అయితే ఈ భేదమును మరీ పెద్దది చేయరాదు. చర్మమును మాంసమును తొలగించి రెండు అస్థిపంజరములను ప్రక్కప్రక్కన నిలిపినచో, ఏది సింహమో ఏది పులియో నిపుణులు గాని చెప్పజాలరు. శాస్త్రజ్ఞులు రెండింటిని పాంథెరా అను ఒకే ప్రజాతిలో చేర్చిరి. జాతులు రెండైనను ఇంటిపేరు ఒకటే. బంధనములో ఉంచినపుడు ఇవి సంకరమగుటయు కలదు. సింహము తండ్రియు పులి తల్లియు అయినచో ఆ సంతానమును లైగర్ అనియు, పులి తండ్రియు సింహము తల్లియు అయినచో టైగన్ అనియు పిలుతురు.

సింహమునకు జూలు కవచమువంటిదనియు, మెడపై పడు కాటును అది ఆపుననియు చాలకాలము తలచిరి. మానవుని పుట్టుకను గూర్చి 1871లో ప్రకటించిన గ్రంథమున డార్విను ఈ ఊహనే సూచించెను. తరువాతి పరిశోధన మరియొక సంగతిని బయటపెట్టినది. టాంజానియాలోని సెరెంగెటి మైదానమున పెయిటన్ వెస్ట్, క్రెయిగ్ పాకర్ అను శాస్త్రజ్ఞులు వేరువేరు జూలులు గల బొమ్మసింహములను నిలిపి, నిజమైన సింహములు వాని యెడ ఎట్లు మెలగునో పరిశీలించి, ఫలితములను 2002లో ప్రకటించిరి. ఆడసింహములు నల్లని జూలు గల బొమ్మను కోరి సమీపించినవి. మగసింహములు దట్టమైన జూలును చూచి వెనుదీసినవి. జూలు ప్రధానముగా తన ఆరోగ్యమును, సత్తువను దూరమునుండియే చాటుకొను గురుతు. అది డాలు కాదు, బిరుదు.

ఆ బిరుదునకు మూల్యమును లేకపోలేదు. నల్లని జూలు ఎండవేడిని ఎక్కువగా తెచ్చిపెట్టును. వేడిభూముల సింహములకు జూలు పలుచగా ఉండుట తరచు కనిపించును. గిర్ సింహమునకు చెవులు పైకి కనబడునంత పలుచని జూలే ఉండును.

రెండు యుద్ధవిద్యలు

బరువుకంటె ముఖ్యమైనది బ్రతుకుతీరు. జార్జి షాలర్ అను జంతుశాస్త్రజ్ఞుడు 1960ల నడుమ మధ్యప్రదేశములోని కాన్హా అడవిలో పులిని పరిశీలించి, ఆ వెంటనే సెరెంగెటికి పోయి సింహమును పరిశీలించెను. పులిని గూర్చిన గ్రంథము 1967లోను, సింహమును గూర్చిన గ్రంథము 1972లోను వెలువడినవి. ఒకే మనుష్యుడు ఒకే పద్ధతితో రెండింటిని చూచిన అరుదైన సందర్భమిది. ఆయన చూపిన చిత్రమున ఒకటి కుటుంబజీవి, మరియొకటి ఏకాంతజీవి.

మగసింహము జీవితమంతయు కయ్యముతో ముడిపడినది. సుమారు మూడేండ్ల ప్రాయమున అది పుట్టిన గుంపును వీడవలెను. అన్నదమ్ములతోనో తోడివారితోనో తిరిగి తిరిగి, బలము వచ్చిన పిమ్మట వేరొక గుంపును ఏలు మగవానిని తరిమి ఆ స్థానమును గెలువవలెను. గెలిచినదానిని కొలది సంవత్సరములు కాపాడుకొనవలెను. బలవంతుడు వచ్చిననాడు వదలుకొనవలెను. కావున తన జాతివానితో ఎదురెదురుగా నిలిచి పోరుట సింహమునకు నిత్యకృత్యము. అందు తోడు ఉండును. గాయపడినను తోటివి చంపిన వేటలో కొంత దొరకును.

పులి మార్గము వేరు. అది ఒంటరిగా పొంచును, ఒంటరిగా దూకును, మెడ పట్టి పడవేసి ఒంటరిగా తినును. దాని వేట పలుమారులు తప్పును. పలు ప్రయత్నములకు గాని ఒక జింక చిక్కదు. అట్టి జీవితమున పంజాకు తగిలిన చిన్నగాయము సైతము పస్తులకు దారితీయును. దానికి అన్నము తెచ్చిపెట్టువారు లేరు. అందుచే పులి కయ్యమును తప్పించుకొనుటయందే నేర్పరి. చెట్ల బెరడును గోళ్లతో గీరియు, వాసన చల్లియు తన సరిహద్దులను తెలుపును. ఆ హెచ్చరికను చదువుకొని మరియొక పులి ప్రక్కకు తొలగును. పులులు పోరవని కాదు. పోరక తీరినచో పోరవు.

మనుష్యుడు పెట్టిన పోరులు

అడవిలో జరుగని పందెమును మనుష్యుడు బోనులో జరిపెను. క్రీస్తు శకము 80లో రోము నగరపు మహాక్రీడారంగము ప్రారంభమైనపుడు జరిగిన వేడుకలను వర్ణించిన మార్షియల్ అను కవి, ఒక ఆడపులి సింహమును చీల్చివేసినట్లు చెప్పెను. 2011లో టర్కీ రాజధాని అంకారా జంతుప్రదర్శనశాలలో కంచె సందునుండి పులి విసరిన పంజాదెబ్బకు ప్రక్క ఆవరణములోని సింహము ప్రాణము విడిచెను. ఇవి పులి పక్షమున సాక్ష్యములు.

రెండవ పక్షమునను సాక్షులు కలరు. అమెరికాలో పేరుపొందిన సర్కసు శిక్షకుడు క్లైడ్ బీటీ (1903-1965) సింహములను, పులులను ఒకే బోనులో కలిపి ఆడించినవాడు. కయ్యము పుట్టినపుడు సింహములు ఒకదానికొకటి తోడుపడి మీదపడుననియు, ఆపదలోని పులికి సాటి పులి తోడురాదనియు ఆయన అనుభవము.

ఈ సాక్ష్యములను పట్టి తీర్పు చెప్పవచ్చునా? చెప్పరాదు. బోనులోని మృగము వయస్సెంత, అది కడుపునిండ తిన్నదా, ఆఫ్రికాదా ఆసియాదా, ఎన్నాళ్లు చెరలో మగ్గినది అను సంగతులను బట్టి ఫలితము మారును. తప్పించుకొని పోవుటకు దారి ఉన్నచోట ఆ రెండును అసలు పోరియుండెడివా అన్నది మరియొక ప్రశ్న. గోడలు కట్టి దారి మూసిన పిమ్మట జరిగినది మృగముల స్వభావమునకు గాక, గోడ కట్టినవాని స్వభావమునకు నిదర్శనము.

అడవి చెప్పిన సమాధానము

ప్రకృతి ఈ రెండింటిని ఒకే దేశమున శతాబ్దముల తరబడి ఉంచినది. సింహము పలుచని పొదలు, గడ్డిబీళ్లు గల బయలు ప్రదేశములను కోరినది. పులి నీడయు నీరును గల దట్టమైన అడవిని కోరినది. ఇట్లు నేలను పంచుకొని బ్రతికినవి. వేటాడి బ్రతుకు జీవికి గెలుపు కంటె దేహము చెక్కుచెదరకుండుట మిన్న.

వీనిని నిజముగా ఓడించినవాడు మూడవవాడు. 19వ శతాబ్దారంభమున సింహములు పంజాబు, సింధు ప్రాంతములనుండి బీహారు వరకు కలవు. ఆ శతాబ్దాంతమునకు తుపాకి వాని నన్నింటిని తుడిచిపెట్టగా, కాఠియావాడులోని గిర్ అడవియందు కొలదిపాటి మాత్రమే మిగిలినవి. జునాగఢ్ నవాబులు వేటను అరికట్టి వానిని కాపాడిరి. పులి గతియు దీనికి దూరము కాదు. 1972లో దేశమంతట లెక్కింపగా 1,827 పులులు మాత్రమే తేలినవి. అంతవరకు జాతీయ మృగముగా ఉన్న సింహమునకు బదులు ఆ యేడే పులి ఆ స్థానమునకు వచ్చెను. 1973లో ప్రాజెక్టు టైగర్ ప్రారంభమయ్యెను. సారనాథమున అశోకుడు నిలిపిన సింహములు జాతీయ చిహ్నమున నిలిచియే ఉన్నవి. ముద్రలో సింహము, అడవిలో పులి అను విధముగా ప్రభుత్వమును గౌరవమును పంచినది.

నేటి లెక్కలలో పులి ముందున్నది. 2022 అంచనా ప్రకారము దేశములో పులులు సుమారు 3,682. 2025 లెక్కలో సింహములు 891. 2015లో అవి 523 మాత్రమే. రెండును పెరిగినవే. కాని ఈ అంకెల వెనుక అంకెలకు మించిన భేదమొకటి కలదు. పులులు హిమాలయ పాదములనుండి నల్లమల వరకు, సుందరవనములనుండి పశ్చిమ కనుమల వరకు అనేక రాష్ట్రములలో, అనేక అడవులలో ఉన్నవి. ఆసియా సింహములన్నియు గిర్ అడవియందును, దాని చుట్టుపట్ల సౌరాష్ట్ర ప్రాంతమునను మాత్రమే ఉన్నవి.

దీని అర్థమేమో రాజస్థానములోని సరిస్కా అడవి చెప్పును. దొంగవేటగాండ్ర మూలమున 2005 నాటికి అచ్చట ఒక్క పులియు మిగులలేదు. 2008లో రణథంభోర్ అడవినుండి పులులను తెచ్చి విడువగా అచ్చట మరల పులుల సంతతి వృద్ధి పొందినది. పులికి సరిస్కా పోయినను రణథంభోర్ మిగిలినది. సింహమునకు గిర్ పోయినచో తెచ్చుకొనుటకు మరియొక గిర్ లేదు.

ఈ భయము ఊహామాత్రము కాదు. 1994లో కుక్కలకు సోకు డిస్టెంపర్ వ్యాధి సెరెంగెటిలో వ్యాపించి సుమారు వేయి సింహములను, అనగా అచ్చటి వానిలో మూడవ వంతును బలిగొన్నది. 2018లో ఆ వ్యాధి క్రిమి గిర్ అడవియందును బయటపడినది. కొలది వారములలో 20కి పైగా సింహములు మరణించినవి. పులి పంజాకు వెరవని మృగరాజు కంటికి కనబడని క్రిమికి తలవంచెను.

ఇట్టి ఆపదను తలచియే, మధ్యప్రదేశములోని కూనో అడవిలో సింహములకు రెండవ నివాసమును ఏర్పరుపవలెనని 2013 ఏప్రిలులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యమునందే బడిపిల్లల పాతప్రశ్న వినవచ్చినది: రణథంభోర్ పులులు అప్పుడప్పుడు కూనోకు వచ్చుచుండగా, సింహములను అచ్చట విడిచినచో రెండింటికి పోరు రాదా? న్యాయస్థానము తరలింపునకే అనుమతించినను, 2025 వరకు సింహములు కూనోకు చేరలేదు. 2022లో అచ్చటికి ఆఫ్రికాలోని నమీబియానుండి చీతాలు వచ్చినవి.

కావున పిల్లవాడు అడిగినపుడు ఉపాధ్యాయుడు ఈ విధముగా చెప్పవచ్చును: ఒంటికి ఒంటిగా నిలిచినచో మన దేశపు పెద్దపులికి బరువున కొంత మొగ్గు కలదు; గుంపుగా వచ్చినచో సింహమునకు కలదు; దారి దొరికినచో రెండును తొలగిపోవును. ఇంత చెప్పి, వెంటనే భారతదేశ పటమును గోడకు తగిలించి, పులులున్న అడవులను, సింహములున్న అడవిని పిల్లలచేతనే గుర్తు పెట్టింపవలెను. పులికి ఎన్ని చుక్కలు పడినవో, సింహమునకు ఎన్ని పడినవో చూచిన విద్యార్థికి, ఏ మృగము ప్రమాదములో ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు.