పలకను పలికించే విద్య

కార్వేటినగరం పేరు చెబితే సంగీతం తెలిసినవారికి ముందుగా గుర్తుకు వచ్చేది వేణుగోపాలస్వామి, ఆ స్వామి ముద్రతో పదాలు రచించిన సారంగపాణి. వర్ణాలకు పేరుపొందిన గోవిందసామయ్య కూడా ఈ సంస్థానం విద్వాంసుడే. పదం నింపాదిగా సాగే పాట. అందులోని మాట విరుపు, ఎత్తిపొడుపు చెవికి అందకపోతే రాగం ఎంత బాగున్నా పదం సగమే విన్నట్టు.

నేడు ఆ పదాలను కచేరీలో వినే అవకాశం పల్లెల్లో అరుదు. వింటే సెల్‌ఫోనులోనో, చెక్కపెట్టె స్పీకరులోనో వినాలి. ఫోనులో గొంతు పీలగా వస్తుంది. చవక స్పీకరులో పెట్టె కూడా గొంతు కలపడంతో మాట ముద్దయిపోతుంది. పెట్టె అక్కరలేని పలక స్పీకరు ఈ చిక్కుకు ఒక విరుగుడు. దీన్ని ఇంట్లోనే కూర్చుకుని, చెవితో సరిదిద్దుకోవడం అనేక దేశాల్లో ఔత్సాహికులకు ఇష్టమైన కాలక్షేపంగా మారింది. మన మృదంగానికి శ్రుతి చేసే విద్యకు ఇది అతి దగ్గర కావడం విశేషం.

మూడు రకాలు

పలక స్పీకర్లలో మూడు రకాలు ముఖ్యం. మొదటిది విద్యుత్ ఆవేశంతో పలుచని పొరను కదిలించేది. ఇంగ్లండులో పీటర్ వాకర్ క్వాడ్ పేరుతో 1957లో దీన్ని మార్కెట్లోకి తెచ్చారు. రెండవది పలుచని ప్లాస్టిక్ పొరకు తీగ అతికించి, పక్కన అయస్కాంతాలు అమర్చేది. అమెరికాలో జిమ్ వైనీ 1969లో స్థాపించిన మాగ్నెపాన్ సంస్థ దీనికి ప్రసిద్ధి. కొన్నవారు ఊరుకోరు. ఊగే కాళ్లు తీసి బరువైన కాళ్లు బిగిస్తారు. ఏళ్లు గడిచి తీగ పొరనుంచి ఊడితే తిరిగి అతికిస్తారు. కీచుదనం తగ్గించడానికి చిన్న రెసిస్టరు వేస్తారు.

మూడవ రకం మన ఊళ్లో కూడా చేసుకోదగినది. విమానాల్లో రొద తగ్గించే దారి వెతికిన బ్రిటన్ రక్షణ పరిశోధకుల పనినుంచి పుట్టిన ఈ పద్ధతి 1990ల్లో ప్రచారంలోకి వచ్చింది. ఎక్సైటర్ అనే చిన్న బిళ్లను గట్టి, తేలికైన పలకకు అతికిస్తే పలక అంతా మోగుతుంది. మామూలు స్పీకరు నుంచి అట్ట గిన్నె తీసివేసి, తీగచుట్టనూ అయస్కాంతాన్నీ మాత్రం మిగిల్చినట్టు ఉంటుంది ఆ బిళ్ల. పుత్తూరులో రైలెక్కి మద్రాసు వెళ్లేవారికి అక్కడి రిచీ వీధి ఎలక్ట్రానిక్ సామానుకు పెట్టింది పేరు.

అమర్చే తీరు

పలకకు మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ గాని, గట్టి రకం థర్మోకోల్ గాని సరిపోతుంది. థర్మోకోల్‌ను ఉప్పు కాగితంతో మెల్లగా రుద్ది, నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు వైపులా పలుచగా పూస్తే గట్టిపడుతుంది. పెట్రోలు వంటివి కలిసిన జిగురు మాత్రం వాడరాదు. థర్మోకోల్ కరిగిపోతుంది.

బిళ్లను పలకకు సరిగ్గా నడిమధ్య అతికించడం కొత్తవారు చేసే మొదటి తప్పు. నడుమ అతికిస్తే కొన్ని స్వరాలు పెళుసుగా మోగి, కొన్ని అసలే పలకవు. నిలువు, అడ్డం రెండింటిలోనూ సుమారు అయిదింట రెండు వంతుల దూరంలో అతికిస్తే స్వరాలన్నిటికీ సమంగా చోటు దొరుకుతుంది. పలకను చట్రానికి మేకులతో బిగించకుండా దారాలతో వేలాడదీయాలి. లేదా అంచులకు మెత్తటి స్పాంజి పట్టీ వేయాలి.

మన జిల్లా ఎండలకు జిగురు మెత్తబడి అయస్కాంతం కిందికి జారే ప్రమాదం ఉంది. అందుకు వెనకనుంచి అడ్డకర్ర పెట్టి ఆ బరువు మోయించాలి. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లే మనవారికి కట్టు విలువ వేరే చెప్పనక్కరలేదు.

వేలే కొలబద్ద

అసలు పని ఇక్కడినుంచే మొదలు. కొత్త పలక ఏదీ తిన్నగా పాడదు. ఒకచోట బుర్రుమంటుంది, ఒకచోట కీచుమంటుంది. బాగా తెలిసిన ఒక గొంతు పాట పెట్టి, పలకపై ఒక్కొక్కచోట వేలితో మెల్లగా నొక్కుతూ వినాలి. ఎక్కడ నొక్కితే రొద తగ్గి మాట తేటపడుతుందో అక్కడ గుర్తు పెట్టాలి. ఆ చోట శనగగింజంత మైనపు ఉండ అంటించాలి. చాలకపోతే ఇంకొకటి. ఎక్కువైతే గొంతు మొద్దుబారుతుంది, కొంత గీకివేయాలి.

మృదంగం చేసేవారు తరతరాలుగా చేస్తున్నది ఇదే. కుడి మూతపై నల్లటి పూతను పొరలు పొరలుగా రుద్ది నిలుపుతారు. ఎడమ మూతపై కచేరీకి ముందు తడిపిన రవ్వ ముద్ద పెట్టి, బరువు హెచ్చించి తగ్గించి శ్రుతి చేస్తారు. వట్టి తోలు మూత చేసే చప్పుడులో స్వరాల పొంతన ఉండదు. నడుమ బరువు చేరినప్పుడు పై స్వరాలు ఆధార స్వరంతో పొత్తు కుదుర్చుకుంటాయి. సర్ సి.వి.రామన్ 1920లో ఒక పత్రంలోనూ, 1934లో మరింత వివరంగానూ లోకానికి నిరూపించిన సంగతి ఇదే. తోలుకు చెల్లిన ఈ సూత్రం చెక్కకూ చెల్లుతుంది. వీణ మెట్లను మైనంలో నిలిపి మేళం కట్టేవారికి కూడా చేతిలో మైనం, చెవిలో స్వరం కొత్త కావు.

పలక ఎక్కడ ఊగుతున్నదో కంటితో చూడాలంటే మరొక దారి ఉంది. ప్లైవుడ్ పలకను నాలుగు స్పాంజి ముక్కలపై పడుకోబెట్టి, జల్లించిన పొడి ఇసుక చల్లి, ఒకే స్వరం మోగించాలి. ఊగే చోటినుంచి ఇసుక జారి, కదలని గీతల మీద చేరుతుంది. స్వరం మారితే ముగ్గు మారుతుంది. జర్మనీకి చెందిన క్లాడ్ని 1787లో ప్రకటించిన ముగ్గులు ఇవి. గీత మీద మైనం పెడితే ఆ స్వరానికి ఫలితం ఉండదు. గీతల నడుమ పెట్టాలి.

లోపాలు, జాగ్రత్తలు

పలక స్పీకరు అన్నీ చేయలేదు. పలక ముందుకు తోసిన గాలి అంచు చుట్టి వచ్చి వెనకటి గాలితో కలిసిపోవడంవల్ల మంద్ర స్వరాలు పలచబడతాయి. మృదంగం ఎడమ మూత నాదం వినాలంటే తోడుగా ఒక చిన్న పెట్టె స్పీకరు ఉంచక తప్పదు. పలక వెనకనుంచి కూడా ధ్వని వస్తుంది గనుక గోడకు రెండు మూడు అడుగుల దూరంలో నిలపడం మంచిది.

నాలుగు ఓముల బిళ్లలు రెండింటిని పక్కపక్కగా కలిపితే రెండు ఓములై ఆంప్లిఫయరు కాలిపోవచ్చు. వరుసగా కలిపితే ఎనిమిది ఓములై క్షేమం. థర్మోకోల్ సులువుగా అంటుకుంటుంది. దేవుడి గదిలో దీపం దగ్గర పెట్టరాదు. మొదట చెప్పిన విద్యుత్ ఆవేశపు రకంలో వేల వోల్టులు ఉంటాయి. స్విచ్చి ఆపినా కొంతసేపు నిలిచి ఉంటాయి. దానిని విప్పడం తెలియనివారి పని కాదు.

శబ్దం పెంచడం సులువు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి విధించాయి. పలక స్పీకరు సరిపెట్టుకున్నవారికి ఆ పరిమితి అడ్డు కాదు. గట్టిగా పెట్టకుండానే మాట తెలియడమే దాని ప్రయోజనం.

రేడియో విప్పి బిగించే ఆసక్తి ఉన్న యువకులు మన పల్లెల్లో తక్కువ లేరు. ఖరీదైన యంత్రాలకంటే ముందు వారికి కావలసింది ఓపిక, చెవి. పని కుదిరిందో లేదో తేల్చే పరీక్ష కూడా చేతిలోనే ఉంది. సారంగపాణి పదం ఒకటి పెట్టి, ఆ పాట ముందెన్నడూ వినని ఇంటి పెద్దవారిని పక్కన కూర్చోబెట్టాలి. సాహిత్యం ప్రతి మాటా వారు తిరిగి చెప్పగలిగితే పలక శ్రుతిలో పడ్డట్టే. చెప్పలేకపోతే ఇంకొక మైనపు ఉండ చేతిలోకి తీసుకోవాలి.