పొయ్యిలోని నిప్పును పరిశోధించిన విజ్ఞానులు

మానవుడు నిప్పును వశపరచుకొని లక్షల సంవత్సరములు గడచినవి. అయినను దానిని పొదుపుగా, పొగలేకుండ మండించుట నేటికిని మన గృహములలో పూర్తిగా అలవడలేదు. వంటగ్యాసు అనేక గృహములకు వచ్చినప్పటికిని, స్నానపు నీళ్ళు కాచుటకును, సిలిండరు కొనుటకు చేతిలో డబ్బు లేనప్పుడు వంట చేయుటకును కట్టెల పొయ్యి మండుచునే యున్నది. ఇండ్లలోని పొగ కారణముగా 2020 వ సంవత్సరములో ప్రపంచమున సుమారు 32 లక్షలమంది మరణించిరనియు, వారిలో అయిదేండ్లలోపు పిల్లలే 2 లక్షల 37 వేలకు పైబడి యున్నారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. కనుక పొయ్యి చిన్న విషయము కాదు.

ప్రయోగశాల నుండి పల్లెకు

బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ 1909 లో స్థాపింపబడినది. అచట 1974 లో ఆచార్య అమూల్య కుమార్ రెడ్డిగారు, గ్రామములకు విజ్ఞానమును అన్వయించుటకై ‘అస్త్ర’ అను విభాగమును నెలకొల్పిరి. వారు విద్యుద్రసాయన శాస్త్రములో పేరొందిన పండితులు. అదే సంస్థలో రాకెట్లయందు ఇంధనము మండు తీరును పరిశోధించుచుండిన ఆచార్య హెచ్. ఎస్. ముకుంద గారును, వారి సహచరులును కట్టెలు, పొట్టు, చితుకులు మండు విధమును శ్రద్ధతో పరిశీలించిరి. రాకెట్టులోని మంటకైనను, పొయ్యిలోని మంటకైనను ప్రకృతి నియమము లొక్కటే గదా!

కట్టె ఎట్లు మండును?

కట్టెకు నిప్పంటించినప్పుడు మొదట అందలి తేమ ఆవిరియగును. పిదప వేడికి కట్టెనుండి మండెడి వాయువులు వెలువడును. మనకు కనిపించు మంట ఈ వాయువులదే. ఎండుకట్టె బరువులో సుమారు మూడువంతులకు పైగా ఇట్లు వాయురూపమున పోవును. మిగిలిన బొగ్గు చివరకు ఎఱ్ఱగా కణకణలాడుచు కాలును.

ఈ వాయువులకు తగినంత గాలియు, తగినంత వేడియు లభించినచో అవి పూర్తిగా మండి, బొగ్గుపులుసు వాయువుగను, నీటియావిరిగను మారును. అట్లు లభింపనిచో సగము మండి పొగగా, మసిగా, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువుగా బయటకు వచ్చును. అనగా పొగ యనునది మండకుండ వృథాయైన ఇంధనమే. దానివలన కట్టెకును నష్టమే, కంటికిని నష్టమే.

కొలతలు చెప్పిన సత్యము

ప్రయోగశాలలోని వారు కట్టెను తూచి, నీటిని కొలిచి, ఎంత కట్టెకు ఎంత నీరు కాగినదో లెక్కింతురు. ఒక కిలో ఎండుకట్టెలోని వేడి యంతయు నీటికే చేరినచో సుమారు 50 లీటర్లు మరుగవలెను. కాని మూడురాళ్ళ పొయ్యిపై మరుగునది దాదాపు 5 లీటర్లే. తక్కిన వేడి గాలిలోనికిని, పొయ్యి గోడలలోనికిని, పొగతోను పోవును.

ఈ నష్టమును తగ్గించుటకై అస్త్ర విభాగము వారు మూడు పాత్రల పొయ్యిని రూపొందించిరి. కన్నడమున పొయ్యిని ‘ఒలె’ అందురు గనుక దీనికి ‘అస్త్ర ఒలె’ యని పేరు వచ్చినది. కట్టెలు కమ్ముల జాలిపై మండును. క్రిందనుండి గాలి అందును. వేడివాయువులు మూడు పాత్రలను వరుసగా తాకి పొగగొట్టముద్వారా బయటకు పోవును. ప్రయోగశాల పరీక్షలలో వేడిలో నూటికి 40 పాళ్ళకు పైగా పాత్రలకు చేరినది. అయితే కొలతలు తప్పి కట్టిన పొయ్యి ఈ ఫలితము నీయజాలదు. అందుచేత పొయ్యి కట్టువారికి శిక్షణ ముఖ్యము.

హొసహళ్ళిలో దీపములు

మన రాయలసీమకు సరిహద్దుననున్న తుమకూరు జిల్లాలో హొసహళ్ళి అను చిన్న పల్లె కలదు. అచట విద్యుత్తు లేని కాలమున, 1988 లో, ఈ సంస్థవారు కట్టెనుండి వాయువును తీయు యంత్రమును నెలకొల్పిరి. ఒక కిలో కట్టె పూర్తిగా మండుటకు సుమారు 6 కిలోల గాలి కావలెను. అందులో నాలుగవ వంతు మాత్రమే యిచ్చినచో కట్టె బూడిద కాక, మండెడి వాయువుగా మారును. ఆ వాయువును చల్లార్చి, శుభ్రపరచి, డీజిలు ఇంజనులోనికి పంపిరి. డీజిలు ఖర్చు చాలవరకు తగ్గి, ఇండ్లలో దీపములు వెలిగినవి. తరువాత త్రాగునీటి పంపును, పిండిమరను గూడ నడపిరి. ఇంధనమునకై గ్రామమువారి భూమిలోనే చెట్లు పెంచిరి. యంత్రమును గ్రామ యువకులే నడపనేర్చిరి.

మనము చేయదగినది

1. కట్టెలను బాగుగా ఎండబెట్టి వాడవలెను. నీటిని మరుగునంతవరకు కాచుటకు వలయు వేడికంటె, దానిని ఆవిరిగా మార్చుటకు ఏడు రెట్లు వేడి కావలెను. పచ్చికట్టెలో ఆ వేడి యంతయు తేమకే ఖర్చగును.

2. కట్టెలను సన్నగా చీల్చి, కొలదికొలదిగా పెట్టవలెను. పొయ్యినిండ కుక్కినచో గాలి ఆడదు.

3. పాత్రపై మూత యుంచవలెను. పొగగొట్టములోని మసిని తరచు తీయవలెను.

4. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుంచుకొని నిద్రింపరాదు. ప్రాణమునకే అపాయము.

విజ్ఞానులు తమ ప్రయోగశాలలో తూచి, కొలిచి తెలిసికొన్న సారము ఇదియే. పొయ్యియొద్ద కూర్చుండు తల్లికి కన్నీరు రాని దినముననే వారి శ్రమ సంపూర్ణముగా ఫలించినట్లు.