నిశాని నుంచి ఓటీపీ దాకా

పేరు రాయరానివాడు వేసిన గుర్తు కూడా సంతకమేనని 1897 జనరల్ క్లాజుల చట్టం చెప్పింది. దొంకేశ్వర్ పసుపు చేన్లల్ల కూలికి పోయే మాదిగ, మాల ఇండ్లకు అది మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది. తాను చదవలేని ప్రోనోటు మీద నిశాని వేసినోడే అప్పులోడు.

2000 ఐటీ చట్టం, 2008 సవరణ కలిసి ఎలక్ట్రానిక్ సంతకానికి కాగితం మీది సంతకంతో సమాన విలువ ఇచ్చాయి. 2015 నుంచి ఆధార్‌కు కలిపిన ఫోన్‌కొచ్చే ఓటీపీతోనే ‘ఈ-సైన్’ అయిపోతుంది.

3ఏ సెక్షన్‌లో ఒక షరతు ఉంది: సంతకం చేసే వేళ ఆ సాధనం సంతకందారు అదుపులోనే ఉండాలి, మరొకరి చేతిలో ఉండరాదు. మన వాడల్ల ఇంటికొక్క ఫోను. అది కొడుకు దగ్గర ఉంటది, నంబరు చెప్పేది తల్లి, నొక్కేది ఇంకెవడో. అయినా సురక్షిత సంతకమని తేలితే, ఒప్పుకునే చేసిందని కోర్టు ముందే అనుకుంటుంది. 2023 సాక్ష్య చట్టంలోనూ ఈ ఊహ కొనసాగింది. కాదని రుజువు చేసే బరువు ఆ తల్లి నెత్తినే.

అన్ని పత్రాలకూ ఇది చెల్లదు. వీలునామా కాగితం మీదే రాయాలి. ప్రోనోటూ అంతే, బ్యాంకుల వంటి నియంత్రిత సంస్థలకు రాసే డిమాండు ప్రోనోట్లకు మాత్రమే 2022లో సడలింపు దొరికింది. కనుక అడ్తిదారు ఓటీపీతో రాయించుకున్నది చట్టం లెక్కన ప్రోనోటు కాదు. దాన్నే ‘అప్పు ఒప్పందం’ అంటే మాత్రం చెల్లవచ్చు. అందుకే ఓటీపీ చెప్పకముందే ‘ఇదేం కాగితం?’ అని అడగాలె.

చెప్పినంక తేదీ, చోటు రాసిపెట్టుకోవాలె. గత ఆరు నెలల్ల మన ఆధార్ ఎప్పుడెప్పుడు వాడిండ్రో ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లో తీయొచ్చు. దానికీ ఓటీపీయే కావాలె.