గుండె మాట వినదు, ఊపిరి వింటుంది

పరీక్ష గంట మోగింది. ప్రశ్నపత్రం చేతికి వచ్చింది. మొదటి ప్రశ్న చూడగానే గుండె దడదడలాడింది. అరచేతులు చెమటపట్టాయి. నోరు ఎండిపోయింది. తెల్లవారుజామున లేచి చదివిన జవాబే, అయినా ఒక్క ముక్క గుర్తుకు రావడం లేదు!

ఇంటర్మీడియట్ చదివిన వారిలో ఈ అనుభవం లేనివారు అరుదు. ‘నాకు జ్ఞాపకశక్తి లేదు’ అని కొందరు కుంగిపోతారు. మందుల షాపులో ఏదైనా మాత్ర దొరుకుతుందేమోనని మరికొందరు వెతుకుతారు. అసలు ఆ సమయంలో శరీరంలో ఏం జరుగుతోందో తెలిస్తే, మందు అవసరం లేని ఉపాయం కూడా అక్కడే కనిపిస్తుంది.

పులి లేని భయం

అడవిలో పులి ఎదురైతే ఉండేవి రెండే దారులు: ఎదిరించడం లేదా పారిపోవడం. రెండింటికీ బలం కావాలి. శరీరం ఆ బలాన్ని క్షణాల్లో ఎలా సమకూర్చుకుంటుందో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. మెదడు ప్రమాదాన్ని పసిగట్టగానే సహానుభూత నాడీవ్యవస్థ చురుకవుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్‌ను విడుదల చేస్తాయి. గుండె వేగం పెరుగుతుంది. కాలేయంలోని గ్లైకోజన్ గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంది. రక్తం జీర్ణకోశం నుంచి కండరాలకు మళ్లుతుంది. లాలాజలం తగ్గుతుంది. నోరు ఎండిపోయేది అందుకే. కొన్ని నిమిషాల తర్వాత అవే గ్రంథుల నుంచి కార్టిసాల్ అనే హార్మోను కూడా ఎక్కువగా వస్తుంది.

ఈ ఏర్పాటు కొద్దిసేపటికైతే మేలే. రోజుల తరబడి సాగితేనే చిక్కు. 1936లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో హాన్స్ సెల్యే ఎలుకలను చలికి, గాయాలకు, మితిమీరిన శ్రమకు గురిచేశాడు. బాధ ఏదైనా ఫలితం ఒకటే! అధివృక్క గ్రంథులు పెరిగాయి, థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. మీరు భౌతికశాస్త్రంలో ‘ప్రతిబలం’ అని చదివే స్ట్రెస్ అనే మాట వైద్యంలో వ్యాప్తిలోకి వచ్చింది ఆయన వల్లనే.

జవాబు ఎక్కడికి పోయింది?

జవాబు ఎక్కడికీ పోలేదు. 1998లో కాలిఫోర్నియాలో శాస్త్రవేత్తలు ఎలుకలకు నీటి తొట్టెలో దాగి ఉన్న తిన్నెను కనుక్కోవడం నేర్పారు. మర్నాడు కొన్నింటికి చిన్న విద్యుదాఘాతం ఇచ్చి, అరగంట తర్వాత తొట్టెలో వదిలారు. అవి దారి తెలియక తడబడ్డాయి. ఆఘాతం తర్వాత నాలుగు గంటలు ఆగి వదిలిన ఎలుకలు మాత్రం సరిగానే చేరుకున్నాయి. అంటే జ్ఞాపకం చెరిగిపోలేదు, దాన్ని వెలికితీసే దారి కాసేపు మూసుకుపోయిందన్నమాట. 2000లో మనుషులకు కార్టిసోన్ మాత్ర ఇచ్చి చూసినప్పుడూ అంతకుముందు నేర్చుకున్న పదాలను గుర్తుతెచ్చుకోవడంలో వెనకబడ్డారు.

కాబట్టి పరీక్ష హాల్లో మీరు చేయాల్సిన పని గట్టిగా గుర్తుచేసుకోవడం కాదు, శరీరాన్ని శాంతింపజేయడం.

ఊపిరి అనే తాళంచెవి

‘నెమ్మదించు’ అని గుండెకు చెబితే వినదు. మరి గుండెను నెమ్మదింపజేసేది ఏమిటి? మెదడు నుంచి గుండెకు చేరే వేగస్ నాడి. ఆటో లోవీ అనే శాస్త్రవేత్త 1921లో ప్రచురించిన ప్రయోగంలో ఒక కప్ప గుండె తాలూకు వేగస్ నాడిని ప్రేరేపించాడు. ఆ గుండె నెమ్మదించింది. దానిలో ఉన్న ద్రవాన్ని మరో కప్ప గుండెకు అందించాడు. అదీ నెమ్మదించింది! నాడి చివర వెలువడిన ఆ రసాయనం ఎసిటైల్‌కోలిన్ అని తర్వాత తేలింది. 1936లో ఆయన నోబెల్ బహుమతిని హెన్రీ డేల్‌తో పంచుకున్నాడు.

ఊపిరి సంగతి వేరు. నిద్రలో దానంతటదే నడుస్తుంది, మనం తలచుకుంటే మన మాటా వింటుంది. పైగా ఊపిరి వదిలేటప్పుడు గుండెపై వేగస్ నాడి ప్రభావం పెరుగుతుంది.

మీరే చేసి చూడండి. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి పీల్చండి. నాడి కొంచెం వేగంగా కొట్టుకుంటుంది. నెమ్మదిగా వదలండి. వేగం తగ్గుతుంది. వయసులో ఉన్నవారిలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇప్పుడు నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. నిమిషానికి దాదాపు ఆరు శ్వాసలవుతాయి. మూడు నాలుగు నిమిషాలు చాలు. తల తిరిగినట్లనిపిస్తే ఆపి, మామూలుగా ఊపిరి తీసుకోండి. మంత్రజపంలోనూ, క్రైస్తవుల జపమాల ప్రార్థనలోనూ శ్వాస ఇంచుమించు ఇదే లయకు వస్తుందని ఇటలీ శాస్త్రవేత్తలు 2001లో తెలియజేశారు.

పరీక్ష రోజే మొదలుపెడితే ఇది అక్కరకు రాదు. ఈత లాగా ముందే అలవాటు కావాలి. రోజూ పడుకోబోయే ముందు అభ్యాసం చేయండి.

మరో రెండు అలవాట్లు

పరిగెత్తడానికి సిద్ధమైన శరీరాన్ని కుర్చీకి కట్టేస్తే ఎలా? సాయంత్రం అరగంట వేగంగా నడవండి. రక్తంలో చేరిన గ్లూకోజు కండరాలకు ఉపయోగపడుతుంది. రెండోది నిద్ర. పగలు చదివింది మెదడులో స్థిరపడేది చాలావరకు నిద్రలోనే. రాత్రంతా టీ తాగుతూ మేలుకుని చదవడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే. సాయంత్రం తాగిన టీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

ఇవన్నీ రోజువారీ ఒత్తిడికి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి లేకపోయినా, దేనిమీదా ఆసక్తి కలగకపోయినా, బతకాలనిపించకపోయినా ఊపిరి లెక్కలతో సరిపెట్టుకోకండి. ఇంట్లో చెప్పండి, వైద్యుణ్ణి కలవండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతుంది. ప్రాణానికే ముప్పనిపిస్తే ఒంటరిగా ఉండకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. వైద్యుడు ఇచ్చిన మందులు వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపకూడదు.

మిగిలినవారు ఈసారి ప్రశ్నపత్రం చూసి గుండె దడదడలాడితే కంగారు పడకండి. మీ శరీరం పులిని చూశాననుకుంది, అంతే. కలం కింద పెట్టి, ఆరు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి వదలండి.